ఫిజిక్స్ అయిపోయింది, ఇక కెమిస్ట్రీ: మా మేనల్లుడి రివిజన్ డైరీ

శుక్రవారం రాత్రి

ఫిజిక్స్ పరీక్ష ఇవాళ మధ్యాహ్నం ముగిసింది. వచ్చే గురువారం కెమిస్ట్రీ. మా మేనల్లుడు సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి. అక్కావాళ్లు ఉండేది బెంగళూరు మహాలక్ష్మి లేఅవుట్‌లో, నేను పనిచేసేది పీణ్యలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో. పొద్దున లేస్తే బ్యూరెట్లు, పిపెట్లు. అందుకని "కెమిస్ట్రీ సంగతి నువ్వే చూసుకోరా" అని అక్క ఆ బరువు నా నెత్తిన పెట్టేసింది. సరే, పెడితే పెట్టింది, ల్యాబ్‌లో లాగ్‌బుక్ రాసినట్టే దీనికీ రాద్దామని మొదలుపెట్టాను.

సరంజామా: పోయిన ఏడాది క్యాలెండర్ల షీట్లు (వెనకవైపు తెల్లగా ఉండేవి), స్కెచ్ పెన్నులు, సెల్లో టేపు, ఒక రీము తెల్ల కాగితాలు, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం రెండు భాగాలు. గైడ్లు, కోచింగ్ మెటీరియల్ అన్నీ అట్టపెట్టెలో పెట్టించి అటక ఎక్కించాను. వాడి ముఖం చూడాలి అప్పుడు.

మొదట మార్కుల లెక్క. థియరీకి 70, ప్రాక్టికల్స్‌కి 30. ప్రాక్టికల్స్ ఎప్పుడో అయిపోయాయి కాబట్టి మన గొడవంతా 70తోనే. ఎలక్ట్రోకెమిస్ట్రీ ఒక్కటే 9. ఆల్డిహైడ్లు, కీటోన్లు, కార్బాక్సిలిక్ ఆసిడ్లు కలిసిన చాప్టర్‌కి 8. సొల్యూషన్స్, కైనెటిక్స్, డి-ఎఫ్ బ్లాక్, కోఆర్డినేషన్, బయోమాలిక్యూల్స్ తలా 7. హాలోఆల్కేన్లు, ఆల్కహాల్-ఫినాల్-ఈథర్లు, అమీన్లు తలా 6. కూడితే ఆర్గానిక్ వైపు 33, ఫిజికల్ 23, ఇనార్గానిక్ 14. మావాడు ఏడాది పొడుగునా ఇష్టంగా లెక్కలు చేసుకుంది 23 మార్కుల వైపు. ఆర్గానిక్ అంటే పుస్తకం మూసేస్తాడు. బయోమాలిక్యూల్స్ ఆఖరి చాప్టర్, పైగా కథలా ఉంటుంది కాబట్టి "చదువుకుంటే వచ్చేస్తుందిలే" అని ఇంతవరకు ముట్టుకోలేదు. ఎలక్ట్రోకెమిస్ట్రీ తలనొప్పికి 9 ఇస్తున్నవాళ్లు ఈ కథకు 7 ఇస్తున్నారు, అయినా ముట్టుకోలేదు.

పడుకునే ముందు ఒక పరీక్ష పెట్టాను. చాప్టర్‌కొక తెల్ల కాగితం. పుస్తకం మూసి, ఆ చాప్టర్‌లో గుర్తున్నదంతా పది నిమిషాల్లో రాయాలి. వరసగా వద్దని నాలుగు చాప్టర్లే ఎంచుకున్నాం. సొల్యూషన్స్‌కి పేజీ నిండింది. ఎలక్ట్రోకెమిస్ట్రీకి నెర్న్‌స్ట్ సమీకరణం (సెల్ వోల్టేజి లెక్కకట్టే ఫార్ములా) రాసి పెన్ను ఆపాడు. డి-బ్లాక్‌కి ఐదు లైన్లు, అందులో రెండు ఒకటే. ఆల్డిహైడ్ల కాగితం మీద రియాక్షన్ల పేర్లు బారులు తీరాయి: రోసెన్‌మండ్, స్టీఫెన్, ఈటార్డ్, క్లెమెన్సన్. ఏ పేరు పక్కనా రీఏజెంట్ (ఆ రియాక్షన్ జరిపించే రసాయనం) లేదు.

"అన్నీ చదివినవే మామా. చూస్తే గుర్తొచ్చేస్తాయి."

"చూడనివ్వరు కదరా అక్కడ."

ఆ కాగితాలే ఇప్పుడు మా ప్లాను. ఎక్కడ ఖాళీ ఉందో అక్కడ పని.

శనివారం

ఫిజికల్ ముందు పెట్టాను. వాడికి వచ్చింది కదా, మొదటి రోజు కాస్త ధైర్యం రావాలి. తీరా కూర్చుంటే వచ్చినదాంట్లోనే చిల్లులున్నాయి.

లెక్క ఇది, ఒక సెల్ వోల్టేజి ఎంతో నెర్న్‌స్ట్ సమీకరణంతో కనుక్కోవాలి. ఒకవైపు మెగ్నీషియం, దాని అయాన్ల గాఢత 0.001 మోలార్. ఇంకోవైపు రాగి, దాని అయాన్లు 0.0001 మోలార్. స్టాండర్డ్ పొటెన్షియల్ మెగ్నీషియానికి మైనస్ 2.37, రాగికి ప్లస్ 0.34 వోల్టులు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే 2.71. ఇక్కడిదాకా చకచకా చేశాడు. లాగ్ దగ్గరికొచ్చేసరికి పైన రాగి, కింద మెగ్నీషియం పెట్టాడు. 2.74 వచ్చింది. కింద రెండు గీతలు కొట్టి మరీ పెట్టాడు జవాబు.

"ఫార్ములా చూడకుండా ఇది తప్పని చెప్పగలవా?" అన్నాను.

కాసేపు గోళ్లు కొరికాడు. సెల్ నడుస్తుంటే రాగి అయాన్లు ఖర్చవుతాయి, మెగ్నీషియం అయాన్లు పుడతాయి. ఇక్కడ ఖర్చయ్యేది పుట్టేదానికంటే పది రెట్లు తక్కువగా ఉంది. అలాంటప్పుడు వోల్టేజి స్టాండర్డ్ విలువ కన్నా కొంచెం తగ్గాలి గానీ పెరగకూడదు. 0.0591లో సగం, అంటే 0.03 దాకా తగ్గాలి. అంటే 2.68. వాడే చెప్పాడు ఇదంతా, నేను మధ్యలో "ఊఁ" కొట్టానంతే. క్యాలెండర్ షీటు మీద ఎర్ర స్కెచ్‌తో రాసి అతికించాం: "పుట్టేది పైన, ఖర్చయ్యేది కింద".

కైనెటిక్స్‌లో గొడవ వేరే. క్యాలిక్యులేటర్ ఉండదు, లాగ్ విలువలు కావలసినవి ప్రశ్నలోనే ఇస్తారు, మిగతా గుణకారాలు చేత్తోనే. వీళ్లకి చేత్తో గుణించడం పోయి చాలా కాలమైంది. 298 నుంచి 308 కెల్విన్‌కి పోతే రేటు రెట్టింపు అయ్యే లెక్క, ఆక్టివేషన్ ఎనర్జీ (రియాక్షన్ మొదలవడానికి కావలసిన శక్తి) ఎంత? 2.303ని 8.314తో గుణిస్తే 19.15. ఈ అంకె ఒక్కటి కంఠతా పట్టమన్నాను, అర్హీనియస్ లెక్కల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. దాన్ని 0.3010తో, ఆపైన రెండు టెంపరేచర్లతో గుణించి, వాటి తేడా పదితో భాగిస్తే 52,900 జౌళ్ల దగ్గర వస్తుంది. అది కిలోజౌళ్లలో రాయాలి, 52.9. మావాడు 52,900 కిలోజౌళ్లు అని రాశాడు. "ఆ లెక్కన నీ రియాక్షన్ మొదలవడానికి పవర్ స్టేషన్ పెట్టాల్రా" అంటే నవ్వాడు గానీ, ఆ తర్వాత యూనిట్ దగ్గర ఒక క్షణం ఆగడం మొదలైంది.

వాడికి బాగా నచ్చింది ఇంకోటి. ఫస్ట్ ఆర్డర్ రియాక్షన్ 99.9 శాతం పూర్తి కావడానికి హాఫ్ లైఫ్‌కి పది రెట్లు టైం పడుతుందని చూపించమంటారు. ఫార్ములాతో చేస్తే 6.909ని 0.693తో భాగించాలి. దాన్నే ఇంకోలా చూడమన్నాను: సగం, సగంలో సగం అంటూ పదిసార్లు పోతే మిగిలేది 1024లో ఒక వంతు. అంటే దాదాపు వెయ్యిలో ఒకటి, 0.1 శాతం. పరీక్షలో ఫార్ములా పద్ధతే రాయాలి, మార్కులు స్టెప్పులకే. కానీ జవాబు సరైందో కాదో సరిచూసుకోవడానికి ఇది చాలు.

రేట్ కాన్‌స్టంట్ యూనిట్లు మాత్రం వాడికి ఇంకా ఒంటపట్టలేదు. అన్నిటికీ "పర్ సెకండ్" అనే రాస్తున్నాడు. అది ఫస్ట్ ఆర్డర్‌కే. గోడెక్కింది.

సొల్యూషన్స్ తొందరగా తెమిలింది. ఆస్మోసిస్ దగ్గర వాడు పుస్తకం భాష అప్పజెబుతుంటే అవ్వ (మా అమ్మ) వంటింట్లోంచి నిమ్మకాయ ఊరగాయ జాడీ తెచ్చి ముందు పెట్టింది. ఉప్పు వేస్తే ఊట ఎందుకు దిగుతుందో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. బెంజీన్‌లో అసిటిక్ ఆసిడ్ జంటలు కట్టడం వల్ల వాంట్ హాఫ్ ఫ్యాక్టర్ (కరిగినదాని ఒక్కో కణం ఎన్నిగా లెక్కకొస్తుందో చెప్పే అంకె) సగానికి దగ్గరగా పడిపోవడం, పొటాషియం సల్ఫేట్ పూర్తిగా విడిపోతే 3 కావడం, ఈ రెండూ కాగితం మీద తప్పు లేకుండా వచ్చాయి. చాలు.

ఆదివారం

ఇవాళంతా ఆర్గానిక్. గోడ పని.

హాల్లో టీవీ పక్క గోడ మొత్తం ఖాళీ చేశాం. బావ కాసేపు గొణిగాడు, కొత్తగా వేయించిన పెయింటు టేపుతో లేచొస్తుందని. నాలుగు క్యాలెండర్ షీట్లు కలిపి ఒకటిగా అతికించాం. ఎడమవైపు గొలుసు కాంపౌండ్లు, మధ్యలో ఇథనాల్. కుడివైపు బెంజీన్ కుటుంబం. నియమం ఒకటే: బాణం మీద రీఏజెంట్, పరిస్థితులు నల్ల స్కెచ్‌తో రాయాలి, రియాక్షన్ పేరు ఆకుపచ్చతో కింద చిన్నగా. మొన్నటి కాగితం మీద పేర్లుండి రీఏజెంట్లు లేవు కదా, అందుకే పేరుకు చిన్న పీట.

నేను ఏదీ రాయలేదు. వాడు రాస్తాడు, తెలియకపోతే పుస్తకం తెరిచి చూస్తాడు, మూసి రాస్తాడు. చూస్తూ రాస్తే ఒప్పుకోను.

కుడివైపు షీటు మొదట గజిబిజి అయింది. నైట్రోబెంజీన్ నుంచి అనిలీన్, అక్కడినుంచి సోడియం నైట్రైట్, హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో 273 నుంచి 278 కెల్విన్ మధ్య డయజోనియం క్లోరైడ్. దాన్ని ఒక మూలకి రాసేసరికి బాణాలకి చోటు చాలలేదు. వాడే చించేసి, డయజోనియాన్ని షీటు మధ్యకి తెచ్చి మళ్లీ గీశాడు. "ఇది మెజెస్టిక్ మామా, ఇక్కడికొస్తే ఎక్కడికైనా బస్సు దొరుకుతుంది" అన్నాడు. నిజమే. క్యుప్రస్ క్లోరైడ్‌తో క్లోరోబెంజీన్. క్యుప్రస్ సైనైడ్‌తో బెంజోనైట్రైల్. పొటాషియం అయొడైడ్‌తో అయొడోబెంజీన్, దీనికి రాగి అక్కర్లేదు. ఫ్లోరోబోరిక్ ఆసిడ్ కలిపి వేడి చేస్తే ఫ్లోరోబెంజీన్. వేడి నీళ్లతో ఫినాల్. హైపోఫాస్ఫరస్ ఆసిడ్‌తో అయితే తిరిగి బెంజీనే. ఫినాల్‌తో కలిస్తే నారింజ రంగు డై, అనిలీన్‌తో కలిస్తే పసుపు. ఆ రెండు బాణాలు ఆ రంగుల్లోనే గీశాడు.

పక్కనే రెండు చిన్న చీటీలు: "ఒక కార్బన్ ఎక్కించాలంటే", "ఒక కార్బన్ దించాలంటే". ఎక్కించడానికి పొటాషియం సైనైడ్, లేదా గ్రిగ్నార్డ్ రీఏజెంట్ మీదికి కార్బన్ డయాక్సైడ్. దించడానికి హాఫ్‌మన్ బ్రోమమైడ్, లేదా సోడా లైమ్. కన్వర్షన్ ప్రశ్న (ఒక కాంపౌండ్ నుంచి ఇంకోటి తయారుచేయమనేది) చూడగానే మొదట కార్బన్లు లెక్కపెట్టమన్నాను. ఇథనాల్ నుంచి ప్రొపనోయిక్ ఆసిడ్: రెండు కార్బన్లు మూడు కావాలి, అంటే సైనైడ్. ముందు క్లోరోఇథేన్, ఆపైన ప్రొపేన్‌నైట్రైల్, దాన్ని హైడ్రాలిసిస్ చేస్తే ఆసిడ్. ఇథనోయిక్ ఆసిడ్ నుంచి మిథనమీన్: రెండు ఒకటి కావాలి. అమోనియాతో వేడిచేసి అమైడ్, దానికి బ్రోమిన్, సోడియం హైడ్రాక్సైడ్. ఈ లెక్కపెట్టే అలవాటు వచ్చాక సగం కన్వర్షన్లు వాటంతటవే విప్పుకున్నాయి. ఇదొక్కటీ ముందే చెప్పి ఉంటే ఏడాదంతా బాగుపడేవాణ్ణి అని వాడి వాదన. స్కూల్లో చెప్పే ఉంటారని నా వాదన.

బెంజాల్డిహైడ్ దగ్గర గంట పట్టింది. దానికి నాలుగు దారులున్నాయి, వాడి బుర్రలో నాలుగూ కలిసిపోయాయి. అందుకని పేర్లు పూర్తిగా తీసేసి, బయలుదేరే చోటుతోనే గుర్తుపెట్టించాను. బెంజాయిల్ క్లోరైడ్ నుంచి అయితే బేరియం సల్ఫేట్ మీద పెల్లేడియం, హైడ్రోజన్. బెంజోనైట్రైల్ నుంచి అయితే స్టానస్ క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆసిడ్, తర్వాత హైడ్రాలిసిస్. టాలుయీన్ నుంచి అయితే క్రోమిల్ క్లోరైడ్. నేరుగా బెంజీన్ నుంచి అయితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ క్లోరైడ్, అల్యూమినియం క్లోరైడ్. మొదటిదాంట్లో బేరియం సల్ఫేట్ ఎందుకని అడిగితే నోరెళ్లబెట్టాడు. పెల్లేడియం జోరు తగ్గించడానికి. లేకపోతే ఆల్డిహైడ్ దగ్గర ఆగకుండా ఆల్కహాల్ దాకా పోతుంది. కారణం తెలిశాక మళ్లీ తప్పలేదు.

సాయంత్రం చీటీల ఆట. "ఈ రెండింటినీ ఎలా వేరు చేస్తావు" రకం జతలు చీటీల మీద రాసి స్టీలు డబ్బాలో వేశాం. తీసేది అవ్వ. ఆవిడకి ఇంగ్లీషు చదవడం రాదు, మడత విప్పి వాడి చేతికిస్తుంది, వాడు చదివి జవాబు రాస్తాడు. ఇథనాల్, ప్రొపన్-1-ఆల్ అయితే అయొడోఫామ్ టెస్ట్, పసుపు అవక్షేపం వచ్చేది ఇథనాల్. ఫినాల్, బెంజోయిక్ ఆసిడ్ అయితే సోడియం బైకార్బనేట్, బుసబుసమని పొంగేది ఆసిడ్. బెంజాల్డిహైడ్, ఇథనాల్ అన్న చీటీ వస్తే టాలెన్స్ (ఆల్డిహైడ్ ఉంటే వెండి అద్దం పట్టే టెస్ట్) అని రాశాడు. అది పనిచేస్తుంది. కానీ బెంజాల్డిహైడ్, అసిటాల్డిహైడ్ వస్తే టాలెన్స్ రెంటికీ అద్దం పట్టేస్తుంది, అక్కడ ఫెహ్లింగ్ కావాలి, బెంజాల్డిహైడ్ దానికి లొంగదు. ఈ జత రెండుసార్లు తప్పాడు. అవ్వ ఆ చీటీ మడిచి మళ్లీ డబ్బాలో వేసింది. మిగతావి పక్కన పెట్టి దీన్నొక్కదాన్నే ఎందుకేశావని అడిగితే, "వాడి మొహం చూస్తే తెలీదా, అది రాలేదని" అంది.

ప్రైమరీ అమీన్‌ని గుర్తుపట్టే కార్బైలమీన్ టెస్ట్ గురించి ఒక మాట. క్లోరోఫామ్, ఆల్కహాల్ కలిపిన పొటాషియం హైడ్రాక్సైడ్‌తో వేడిచేస్తే వచ్చే ఐసోసైనైడ్ కంపు ఒక్కసారి ముక్కుకు తగిలితే ఈ టెస్ట్ ఎవరూ మర్చిపోరు. వీళ్లకి ఆ భాగ్యం లేదు కాబట్టి రాసి నేర్చుకోవలసిందే.

సోమవారం

నాకు డ్యూటీ. పొద్దున వాడికి కోఆర్డినేషన్ చాప్టర్ అప్పజెప్పి వెళ్లాను. సాయంత్రం పీణ్యలో మెట్రో ఎక్కి మహాలక్ష్మిలో దిగేసరికి వాట్సాప్‌లో ఫొటోలు వచ్చి ఉన్నాయి: నికెల్ కాంప్లెక్సులు మూడు, డబ్బాలు గీసి బాణాలు పెట్టినవి.

బాగా గీశాడు. సైనైడ్‌తో ఉన్నది డిఎస్పీ2, స్క్వేర్ ప్లానార్, జతకాని ఎలక్ట్రాన్లు లేవు. క్లోరైడ్‌తో ఉన్నది ఎస్పీ3, టెట్రాహెడ్రల్, రెండున్నాయి, మాగ్నెటిక్ మొమెంట్ 2.83. కార్బొనిల్‌ది కూడా ఎస్పీ3నే, కానీ నికెల్ ఇక్కడ సున్నా స్థితిలో ఉంది, అన్నీ జతలే. ఈ మూడోది సరిగ్గా రాసినవాడు చాప్టర్ అర్థం చేసుకున్నట్టే లెక్క. పేర్లు పెట్టడంలో లిగాండ్లను అక్షరక్రమంలో రాయడం ఒకచోట మరిచాడు, అంతే.

డి-బ్లాక్‌లో వాడి అభ్యంతరం వేరు: "అన్నీ ఎక్సెప్షన్లే మామా, ఎన్నని గుర్తుపెట్టుకోను?" కారణాలు అడిగే ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాయించాను, జవాబుకు రెండు లైన్లు మించకూడదు. జింక్‌ను ట్రాన్సిషన్ మూలకం అనరు ఎందుకు? పరమాణువులోనూ అయాన్‌లోనూ డి-ఆర్బిటాళ్లు నిండే ఉంటాయి. జిర్కోనియం, హాఫ్నియం సైజు దాదాపు ఒకటే ఎందుకు? లాంథనాయిడ్ కుంచించుకుపోవడం వల్ల, 160, 159 పికోమీటర్లు. క్రోమియం రెండు ప్లస్ ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది, మాంగనీస్ మూడు ప్లస్ తీసుకుంటుంది, రెండింటిలోనూ ఉన్నవి నాలుగే డి-ఎలక్ట్రాన్లు, ఎందుకలా? ఒకటి ఇస్తే సగం నిండిన టి2జి వస్తుంది, రెండోది తీసుకుంటే సగం నిండిన డి5 వస్తుంది. కారణాలు పేర్చి చూస్తే ఈ ఎక్సెప్షన్లన్నీ నాలుగైదు గుంపుల్లోకి వచ్చేశాయి.

పర్మాంగనేట్ దగ్గర నాకు ఉత్సాహం ఆగలేదు. వాడు ప్రాక్టికల్స్‌లో ఆక్సాలిక్ ఆసిడ్‌తో చేసిందే.

"ఫ్లాస్కు ఎందుకు వేడి చేశావు?"

"చేయమన్నారు."

"చేయకపోతే?"

రంగు పోవడానికి చాలా సేపు పడుతుందని చివరికి గుర్తొచ్చింది. 60, 70 డిగ్రీల దగ్గర వేడి ఉంటేనే రియాక్షన్ చురుగ్గా నడుస్తుంది. సల్ఫ్యూరిక్ ఆసిడే ఎందుకు పోశావంటే జవాబు లేదు. హైడ్రోక్లోరిక్ పోస్తే పర్మాంగనేట్ క్లోరైడ్‌ను క్లోరిన్‌గా మార్చడానికి కొంత ఖర్చయిపోతుంది. నైట్రిక్ పోస్తే అదే స్వయంగా ఆక్సిడైజ్ చేస్తుంది. ఎలా చూసినా బ్యూరెట్ రీడింగ్ అబద్ధం చెబుతుంది. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లను నేను మొదట అడిగే ప్రశ్న ఇదే. ఆసిడ్‌లో ఐదు ఎలక్ట్రాన్లు తీసుకుని మాంగనీస్ రెండు ప్లస్ అయిపోవడం, ఆ సమీకరణం బ్యాలెన్స్ చేయడం వాడు బుద్ధిగా రెండుసార్లు రాశాడు.

మధ్యలో విసుగొచ్చి ఫ్యాన్ కింద పడుకున్నప్పుడు సిలబస్‌లో ఎవరెవరికి నోబెల్ వచ్చిందో చూశాం. వాంట్ హాఫ్ 1901, కెమిస్ట్రీలో మొట్టమొదటిది ఆయనదే. అర్హీనియస్ 1903. గ్రిగ్నార్డ్ 1912. వెర్నర్ 1913. నెర్న్‌స్ట్ 1920. "ఇరవై ఏళ్లలో వీళ్లంతా కలిసి నా మీద కుట్ర చేశారన్నమాట" అన్నాడు.

మంగళవారం

పూర్తి పేపర్. సగం రోజు సెలవు పెట్టాను. సీబీఎస్‌ఈ వాళ్ల శాంపిల్ పేపర్, దాని మార్కింగ్ స్కీమ్ రెండూ ప్రింట్ తీసి, స్కీమ్ నా దగ్గర పెట్టుకున్నాను. పొద్దున 10:15కి పేపర్ చేతికిచ్చి, 10:30 దాకా చదవనిచ్చి, 1:30కి లాక్కున్నాను. మధ్యలో అక్క మజ్జిగ తెస్తే వాకిట్లోనే ఆపేశాను.

33 ప్రశ్నలు. 16 ఒక మార్కువి, వాటిలో చివరి నాలుగు అసర్షన్-రీజన్. తర్వాత రెండు మార్కులవి ఐదు, మూడు మార్కులవి ఏడు, నాలుగు మార్కుల కేస్ స్టడీలు రెండు, ఐదు మార్కులవి మూడు.

దిద్దితే 70కి 52 వచ్చింది. పోయిన మార్కులు ఎక్కడ పోయాయో చూస్తే నాకు టెన్షన్ తగ్గింది. రానివి చాలా తక్కువ. వచ్చినవే సగం రాసి వదిలేశాడు. లెక్కలో ఫార్ములా రాయకుండా నేరుగా అంకెలు వేశాడు. జవాబు తప్పయితే స్టెప్పు మార్కు కూడా రాదు. "రీజన్ ఇవ్వండి" అన్నచోట కారణం బదులు అదే వాక్యాన్ని తిప్పి రాశాడు. అమీన్ల బేసిసిటీ వరస నీళ్లలో మిథైల్ వాటికీ ఇథైల్ వాటికీ ఒకటే అనుకున్నాడు. మిథైల్‌లో డై, మోనో, ట్రై. ఇథైల్‌లో డై, ట్రై, మోనో. ఇది ఎవరికైనా తిరగబడుతుంది, గోడ మీద పెద్దక్షరాలతో ఎక్కింది. అసర్షన్-రీజన్‌లో రెండు వాక్యాలూ నిజమే అయినా రెండోది మొదటిదానికి కారణం కానప్పుడు బోల్తా పడ్డాడు. మధ్యలో "ఎందుకంటే" పెట్టి చదవమన్నాను. అతుక్కోకపోతే కారణం కాదు.

టైం గురించి: ఒక కేస్ స్టడీలో అరగంట మునిగిపోయాడు. నాలుగు మార్కులకి అరగంట! అందుకని క్రమం మార్చాం. మొదట సెక్షన్ ఎ, తర్వాత నేరుగా ఐదు మార్కులవి, చెయ్యి అలిసిపోకముందే. కేస్ స్టడీలు చివర్లో. ప్రతి జవాబు కొత్త పేజీలో మొదలుపెట్టాలా అని అడిగాడు. అక్కర్లేదు, ప్రశ్న నంబరు సరిగ్గా వేస్తే చాలు, ఒక లైను ఖాళీ వదిలితే దిద్దేవాళ్లు దీవిస్తారు.

సాయంత్రం తప్పిన ప్రశ్నలు మాత్రమే, తెల్ల కాగితం మీద, మళ్లీ మొదటి నుంచి.

బుధవారం, శివరాత్రి

పొద్దున బయోమాలిక్యూల్స్. చెప్పినట్టే కథలా ఉంది, కానీ గ్లూకోజ్ దగ్గర కథ ఆగి కోర్టు కేసు మొదలవుతుంది. హైడ్రోఅయొడిక్ ఆసిడ్‌తో చాలాసేపు వేడిచేస్తే ఎన్-హెక్సేన్ వచ్చింది, కాబట్టి ఆరు కార్బన్లు వరసగా ఉన్నాయి. బ్రోమిన్ నీళ్లతో గ్లూకోనిక్ ఆసిడ్ వచ్చింది, కాబట్టి ఆల్డిహైడ్ ఉంది. నైట్రిక్ ఆసిడ్‌తో శాకరిక్ ఆసిడ్, కాబట్టి ఒక ప్రైమరీ ఆల్కహాల్ కూడా ఉంది. అసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో పెంటా అసిటేట్, కాబట్టి ఐదు హైడ్రాక్సిల్స్. ఇన్ని సాక్ష్యాలిచ్చాక ఆ ఆల్డిహైడ్ షిఫ్స్ టెస్ట్ ఎందుకివ్వదు? ఎందుకంటే అది తెరిచిన గొలుసుగా కాకుండా రింగుగా మూసుకుని ఉంటుంది. మావాడికి ఇది తెగ నచ్చేసింది, నాకు వినిపించాక బావని కూర్చోబెట్టి మళ్లీ చెప్పాడు. బావ ఆఫీసు ఫోన్ చూసుకుంటూ తలూపాడు.

విటమిన్లు, లోపాలు ఒక చీటీ: బి1 బెరిబెరి, సి స్కర్వీ, డి రికెట్స్, బి12 పెర్నిషియస్ అనీమియా. కొవ్వులో కరిగేవి ఎ, డి, ఇ, కె. డిఎన్ఏలో థైమిన్ ఉన్నచోట ఆర్ఎన్ఏలో యూరాసిల్. ప్రొటీన్ డీనేచర్ కావడానికి ఉదాహరణ గుడ్డు ఉడకడం, పాలు విరగడం. శివరాత్రి పూట గుడ్డు మాట ఎత్తొద్దని అవ్వ కేకేసింది, పాలతో సరిపెట్టుకున్నాం.

మధ్యాహ్నం ఇంట్లో చిన్న పంచాయితీ. అవ్వకి ఉపవాసం, జాగారం. "ఎలాగూ మేలుకునే ఉంటాను, వాణ్ణీ పక్కన కూర్చోబెట్టుకుంటా, చదువుకుంటాడు, పుణ్యం కూడా వస్తుంది" అని ఆవిడ లెక్క. వాడికీ ఆ ఆలోచన బానే ఉంది, ఫ్రెండ్సందరూ రాత్రంతా చదువుతారట. నేను ఒప్పుకోలేదు. మూడు గంటలు చేత్తో గుణకారాలు చేయాల్సినవాడు నిద్రలేకుండా వెళితే 19.15 కాస్తా 15.19 అవుతుంది. అక్క నా వైపు తిరిగింది కాబట్టి గెలిచాను. అవ్వ మాత్రం "నీ మాటే నెగ్గనీలే" అని ముఖం తిప్పుకుంది.

కొత్త చాప్టర్ ఏదీ తెరవలేదు. తెరవనిది ఒకటి మిగిలింది కూడా: ఎఫ్-బ్లాక్‌లో ఆక్టినాయిడ్ల వివరాలు. వదిలేద్దామన్నాను. ఆ ఒక్క మూల కోసం మిగతాదంతా కెలికి కలిపేసుకోవడం నాకిష్టం లేదు. సాయంత్రం గోడ ముందు నించుని, బాణం మీద చెయ్యి పెట్టి మూసి, రీఏజెంట్ నోటితో చెప్పడం. కుడివైపు షీటు తడబాటు లేకుండా వచ్చింది. ఎడమవైపు గాబ్రియేల్ (అమీన్లు తయారుచేసే పద్ధతి) దగ్గర ఆగాడు, అది ప్రైమరీ అమీన్లకే, అందులోనూ అనిలీన్‌కి పనికిరాదు. అక్కడొక చుక్క పెట్టాం.

హాల్ టికెట్, స్కూల్ ఐడీ, నీలం పెన్నులు నాలుగు, పారదర్శకంగా ఉండే పౌచ్, నీళ్ల సీసా లేబుల్ పీకేసినది. అన్నీ తలుపు దగ్గర స్టూలు మీద. పక్క వీధి గుడిలో మైకు గట్టిగానే ఉంది, కిటికీలు మూసి ఫ్యాన్ ఐదులో పెట్టాం. పదింటికల్లా గురక వినిపించింది. అవ్వ హాల్లో గోడ కిందే చాప వేసుకుని కూర్చుంది, బెంజీన్ బొమ్మల కింద పంచాక్షరి జపిస్తూ.

గురువారం

గేటు పదింటికి మూసేస్తారు. శివరాత్రి మర్నాడు ట్రాఫిక్ ఎలా ఉంటుందో చెప్పలేం కాబట్టి ఎనిమిదిన్నరకే స్కూటర్ మీద బయలుదేరాం. సెంటర్ బయట పిల్లలు గుంపులుగా నిలబడి ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కుంటున్నారు. మావాడు ఆ గుంపువైపు నడవబోతే కాలర్ పట్టుకుని చెరుకురసం బండి దగ్గరికి తీసుకుపోయాను. ఆ అరగంటలో నాకు చెప్పింది ఒక్కటే: "పుట్టేది పైన, ఖర్చయ్యేది కింద." నేను అడగకుండానే.

1:40కి బయటికొచ్చాడు. పేపర్ మొత్తం రాశాడట, ఒక మూడు మార్కుల ప్రశ్న తప్ప. నెర్న్‌స్ట్ లెక్కలో ఫార్ములా రాశాను, యూనిట్ రాశాను, రెండుసార్లు చూశాను మామా అన్నాడు. జవాబులు సరిచూసుకోవద్దని ముందే ఒప్పందం. ఇంటికెళ్లగానే అక్క మూడు మార్కుల గురించి అడగబోయింది, బావ కళ్లతోనే ఆపాడు.

మ్యాథ్స్‌కి ఇంకా వారం పైనే ఉంది, దానికి నేను పనికిరాను, వాడి క్లాస్‌మేట్ ఇంట్లో కూర్చుంటారట. గోడ మీది షీట్లు తీద్దామని స్టూలెక్కాను. వద్దన్నాడు. సీఈటీకి (కర్ణాటక ఎంట్రన్స్ పరీక్ష) కావాలి. అక్కడ కెమిస్ట్రీ 60 ప్రశ్నలు, 80 నిమిషాలు, అన్నీ టిక్కు పెట్టేవే, తప్పుకి మార్కు కోత లేదు. స్టెప్పులు రాసే పని లేదు గానీ వేగం కావాలి. గాబ్రియేల్ దగ్గర చుక్క పక్కన ఆక్టినాయిడ్లు అని పెన్సిల్‌తో రాసి ఉంచాను, ఈసారి వాటికీ టైముంది. బావ మాత్రం పెయింటు సంగతి మళ్లీ ఎత్తాడు.